ఈ ప్రాజెక్టు అమ్మ చేయకూడదు!

పేరు పిల్లాడిది. పని మాత్రం ఇంటిల్లిపాదిదీ. మన ఇళ్లలో 'ఆర్ట్ ప్రాజెక్టు' అంటే ఇదే! దాన్ని తిరిగి పిల్లల చేతుల్లో పెట్టాలంటే థర్మకోల్ చాలదు. కరక్కాయలూ తుప్పుపట్టిన మేకులూ చింతగింజలూ తెగిపోయిన హవాయి చెప్పులూ కావాలి. కాస్త ఓపిక కూడా.

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. స్టేషనరీ షాపతను షట్టరు సగం దించేశాడు. అప్పుడే స్కూటరు దిగి పరుగెత్తుకొచ్చారో నాన్న. 'ఓ థర్మకోల్ షీటు, పెద్ద ఫెవికాల్, ఆకుపచ్చ చార్టు, ఆ మెరుపుల పొడి... రేపే ఇచ్చేయాలటండీ!' షాపతనికి ఇదేం కొత్త కాదు. అడక్కుండానే డబుల్ సైడ్ టేపు కూడా తీసి పెట్టాడు. ఇంటి దగ్గర అమ్మ వంటిల్లు సర్దేసి కత్తెరతో సిద్ధంగా ఉంది. అక్క ఫోనులో బొమ్మలు వెతుకుతోంది. ఇంతకీ ప్రాజెక్టు ఎవరిది? తొమ్మిదో తరగతి చదివే తమ్ముడిది. వాడేం చేస్తున్నాడంటారా... లెక్కల స్లిప్‌టెస్టుకి చదువుకుంటున్నాడు!

రెండురోజుల తర్వాత మార్కులొచ్చాయి. ప్రాజెక్టుకి 'ఎ' గ్రేడు. అమ్మకి!

హైస్కూలు పిల్లలున్న ఏ ఇంటికైనా ఇది తెలిసిన కథే. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, ఇందులో పిల్లల తప్పు పెద్దగా లేదు. ఇచ్చే పనే అలాంటిది. డబ్బు పెడితే దొరుకుతుంది, పెద్దవాళ్లు కూర్చుంటే గంటలో అయిపోతుంది. కొన్ని షాపుల్లోనైతే తయారైపోయిన ప్రాజెక్టులే వేలాడుతుంటాయి. పేరూ రోల్ నంబరూ రాసుకోవడమే తరువాయి. మరి, కొందామన్నా దొరకని, ఒక్క రాత్రిలో ఛస్తే పూర్తికాని, అమ్మ చేసిపెడదామన్నా కుదరని పని ఇస్తే? అలాంటి పనుల్ని కొత్తగా కనిపెట్టక్కర్లేదు. శ్రీకాళహస్తిలో, చేర్యాలలో, నిమ్మలకుంటలో తరతరాలుగా చేస్తున్నవే. వాటిలో ఇంట్లో కుదిరేంత మేర తీసుకుంటే చాలు.

ఏనుగు చెవి దగ్గర ఆగిపోయారు

అయిదేళ్ల పిల్లాడికి కాగితం ఇచ్చి చూడండి. అమ్మ ఇంటికంటే పొడుగ్గా ఉంటుంది, సూర్యుడికి మీసాలుంటాయి. అయినా వాడికి ఏ అనుమానమూ ఉండదు. అదే పిల్లాడు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి 'నాకు బొమ్మలు రావు' అనేస్తాడు. ఈ మధ్యలో ఏమైంది?

ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ పిల్లల బొమ్మల మీద 1947లో ఓ పెద్ద పుస్తకమే రాశారు. పిల్లల బొమ్మలు వయసుతోపాటు దశలు దశలుగా ఎలా మారతాయో చెప్పిన పుస్తకమది. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య పిల్లల చూపు మారిపోతుందంటారాయన. కంటికి ఎలా కనిపిస్తే కాగితం మీదా అలాగే రావాలని పట్టుపడతారు. కన్ను ఎదిగిపోతుంది, చెయ్యి ఇంకా ఎదగదు. ఏనుగు గీస్తారు, చెవి కుదరదు. చెరిపేస్తారు, మళ్లీ గీస్తారు, మళ్లీ చెరిపేస్తారు. కాగితం చిరుగుతుంది. పక్కనుంచి ఎవరో 'ఇది ఏనుగా, పందా?' అంటారు. అంతే... ఆ పెన్సిలు ఇక లెక్కలకే!

సరిగ్గా అప్పుడే బడి కూడా చేయి వదిలేస్తుంది. పదో తరగతి వరకూ కళల్ని తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం గట్టిగానే చెప్పింది. కానీ పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో బొమ్మలకంటూ పేపరు లేదు. పేపరు లేని సబ్జెక్టుకి పీరియడ్ మాత్రం ఎక్కడ నిలుస్తుంది? టైంటేబుల్లో 'డ్రాయింగ్' అని ఉన్న గంటలో లెక్కల మాస్టారు వచ్చి కూర్చోవడం చాలామంది పిల్లలకి అలవాటే.

అందుకే ఈ వయసు వాళ్లకి యాపిలు పండు ముందుపెట్టి చూసి గీయమంటే ఉన్న భయం ఇంకాస్త పెరుగుతుంది. పోలిక కుదిరిందా లేదా అన్న ప్రశ్నే రాని పని కావాలి. నానబెట్టడం, పులియబెట్టడం, చెక్కడం, అద్దడం, మెత్తడం... ఇలాంటివన్నమాట. చేతులు పనిలో పడితే భయం సంగతి ఎవరికీ గుర్తుండదు.

తుప్పు మేకుల సిరా

ఉసిరికాయని ఇనప కత్తిపీట మీద కోస్తే ఏమవుతుంది? కాయా, కత్తీ రెండూ నల్లబడతాయి. పచ్చి అరటికాయ తరిగినా అంతే. నాయనమ్మలకి తెలిసిన ఈ సంగతే శ్రీకాళహస్తి కలంకారీకి పునాది. ఆ కాయల్లోని వగరు పదార్థాన్ని శాస్త్రవేత్తలు టానిన్ అంటారు. అది ఇనుముతో కలిస్తే నలుపు. యూరప్‌లో వందల ఏళ్లపాటు పుస్తకాలు రాసుకున్న సిరా కూడా ఈ సూత్రంతో తయారైందే.

కలంకారీ కళాకారులు ఈ నల్ల సిరాని 'కసిమి' అంటారు. తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు... ఇంతే సరుకు. కుండలో వేసి రెండు మూడు వారాలు వదిలేస్తారు. బెల్లం నీళ్లు పులిసి పుల్లబడతాయి, ఆ పులుపు ఇనుముని కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. ఇంట్లో చేయడానికి ఓ పాత ప్లాస్టిక్ డబ్బా చాలు. గుప్పెడు మేకులు, నిమ్మకాయంత బెల్లం ముక్కలు రెండో మూడో, మునిగేటన్ని నీళ్లు. ఒక్క జాగ్రత్త ముఖ్యం... మూత బిగించకూడదు. పులిసేటప్పుడు గాలి పుడుతుంది, బిగిస్తే డబ్బా ఉబ్బి పగలొచ్చు. పైన గుడ్డ కట్టి మెట్ల కిందో పెరట్లోనో పెట్టేయాలి. నాలుగో రోజుకే వాసన మొదలవుతుంది. ఇంట్లో గొడవా మొదలవుతుంది! అన్ని రోజులు ఆగలేమనే వాళ్లకి దగ్గరి దారీ ఉంది. మేకుల్ని వెనిగర్లో నానబెడితే కొద్ది రోజుల్లోనే పనికొచ్చే ద్రవం వస్తుంది. కానీ ఆగడమే ఈ ప్రాజెక్టులో సగం రుచి.

ఈలోగా గుడ్డ సంగతి చూసుకోవాలి. తాతయ్య పాత నూలు పంచె ముక్క శ్రేష్ఠం. కొత్త గుడ్డయితే గంజి పోయేదాకా ఉతకాలి. మూలికల దుకాణంలో కరక్కాయలు దొరుకుతాయి. వాటిని దంచి పొడిచేసి గేదె పాలలో కలిపి గుడ్డని నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయాలి. కరక్కాయ ఎందుకో సరే, పాలెందుకు? పాలలోని కొవ్వు గుడ్డ పోగుల్ని పట్టుకుని ఉండి సిరాని పాకనివ్వదు. నీళ్లు కలిపిన పాలు వాడితే గీత ఎలా పాకిపోతుందో చూస్తే, మీ పాలవాడి నిజాయతీ కూడా తేలిపోతుంది!

ఇక కలం. వెదురు పుల్ల చివర చెక్కి మొనచేసి, మొనకి కాస్త పైన ఉన్నియో పాత గుడ్డో ఉండలా చుట్టి దారంతో బిగించాలి. ఆ ఉండే సిరా బుడ్డి. ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తుంటే సిరా మొనలోకి దిగుతుంది. ఎంత నొక్కాలన్నది ఏ పుస్తకమూ చెప్పదు, వేళ్లే నేర్చుకోవాలి. ముందుగా చింతబరికెల్ని కాల్చిన బొగ్గుతో గుడ్డ మీద లీలగా గీసుకుని, ఆ తర్వాత కలం పట్టాలి.

మొదటి గీత వేసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. డబ్బాలో ఉన్నది ఎందుకూ కొరగాని గోధుమరంగు నీళ్లు. గుడ్డకి తాకాక కళ్లముందే నల్లబడుతుంది. పదో తరగతి రసాయనశాస్త్రం పుస్తకంలో ఎన్ని సమీకరణాలు బట్టీ పట్టినా రాని నమ్మకం ఆ గీతతో వస్తుంది.

అంతా సజావుగా జరుగుతుందనుకోవద్దు. మేకులు చాలకపోతే గీత వెలవెలబోతుంది. ఇనుము మరీ ఎక్కువైతే కొంతకాలానికి గుడ్డే ఆ గీత వెంబడి చివికిపోతుంది. సరిగా ఉతక్కపోతే పాలవాసన వదలదు. మొదటి గుడ్డ చెడిపోతుందని ముందే చెప్పేయడం మంచిది. శ్రీకాళహస్తిలో ఎరుపు కావాలంటే పటిక నీళ్లు పూసి వేర్లూ చెక్కలతో కాచిన నీళ్లలో ఉడికిస్తారు. పసుపుకి కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. మధ్యమధ్యలో ఉతకడాలూ ఆరేయడాలూ లెక్కలేనన్ని. పిల్లలకి అంత దూరం అక్కర్లేదు. ఒక్క నలుపుతో మొదలుపెట్టిన పిల్లాడు ఈ పట్టణం పేరు వినగానే చెవి అటు పడేస్తాడు. 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం మొదలవకపోతే ఈ చేతిపని ఏమయ్యేదో! బడిపంతులుగా కూడా పనిచేసిన జొన్నలగడ్డ గురప్పశెట్టి ఈ కళకే 2008లో పద్మశ్రీ అందుకున్నారు.

కసిమి పులిసేదాకా పిల్లల్ని ఖాళీగా ఉంచడం కష్టమా? అయితే ఓ చిన్న తమాషా. తెల్లకాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టండి. అగ్గిపుల్లకి దూది చుట్టి సున్నపు తేటలో ముంచి దాని మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది. ఆమ్లాలూ క్షారాల పాఠంలో చదివేది ఇదే. పెళ్లికూతురి పాదాలకి పూసే పారాణీ ఇదే! ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది కాబట్టి దాచుకోవడానికి మాత్రం పనికిరాదు. సున్నం కంట్లో పడకుండా చూసుకోవాలి.

చెప్పుతో అచ్చు

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అంటే కలం కాదు, అచ్చు. చెక్క మీద లతలూ పువ్వులూ చెక్కి, రంగులో అద్ది, గుడ్డ మీద వరసగా కొట్టుకుంటూ పోతారు. చెక్క చెక్కడం పిల్లల వల్ల కాదు, ఉలి జారితే ప్రమాదం కూడా. దానికి బదులు తెగిపోయిన హవాయి చెప్పు ఉందిగా! ఆ రబ్బరు మెత్తగా తెగుతుంది, రంగు బాగా పడుతుంది. చిన్న పేపర్ కట్టర్‌తో చుట్టూ తీసేసి, కావలసిన ఆకారాన్ని మాత్రం ఎత్తుగా ఉంచితే అచ్చు సిద్ధం. బ్లేడు ఎప్పుడూ చేతికి ఎదురుగా రాకూడదన్నది మొదటి పాఠం.

రెండో పాఠం పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారు. పేరు చెక్కి గొప్పగా అచ్చు వేస్తే అది అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది! దాంతో 'క' అనే అక్షరాన్ని ఎలా తిప్పి చెక్కాలా అని అరగంట తల పట్టుకుంటారు. జ్యామితిలో పరావర్తనం గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన సందర్భం ఇంకోటి ఉండదేమో.

బజ్జీల కాగితం మీద కేతిగాడు

పదిమంది పిల్లలు కలిసి చేయడానికి తోలుబొమ్మని మించింది లేదు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలుని శుభ్రంచేసి, వెలుతురు దూరేంత పల్చగా ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, చిన్నచిన్న ఉలులతో చిల్లులు కొట్టి, రంగులేస్తారు. ఆ చిల్లులే తెర మీద నగలై మెరుస్తాయి. తలా, చేతులూ, కాళ్లూ విడివిడిగా చేసి దారంతో కీళ్లు కడతారు. ఈ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆట చూసే ప్రేక్షకులు తగ్గిపోయాక అక్కడి కుటుంబాలు అవే తోళ్లతో దీపపు గూళ్లు చేసి అమ్ముకుంటున్నాయి.

ఇంట్లో తోలెక్కడ తెస్తాం? అక్కర్లేదు. బజ్జీల పొట్లం విప్పినప్పుడు నూనె అంటినచోట కాగితం అవతలి వెలుగు కనిపిస్తుందిగా... అదే చిట్కా. డ్రాయింగ్ షీటు మీద బొమ్మ గీసి, రంగులేసి, కత్తిరించాక వెనకవైపు దూదితో పల్చగా నూనె రాయాలి. ఒకరోజు పాత పేపర్ల మధ్య ఉంచితే ఎక్కువైన నూనె పీల్చుకుంటుంది. చిల్లులకి లావుపాటి సూది, కీళ్లకి దారం ముడులు, పట్టుకోవడానికి చీపురుపుల్లలు. తెల్ల పంచె కడితే తెర. ఒకప్పుడు ఆముదం దీపాల వెలుగులో ఆడేవాళ్లు, ఇప్పుడు ఒక బల్బు చాలు. బొమ్మని దీపానికి దగ్గరగా తీసుకెళితే నీడ పెరిగి మసకబారుతుంది, తెరకి ఆనిస్తే చిక్కగా నిలుస్తుంది. కాంతి పాఠం చెప్పే మాస్టారికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు.

కథ ఏం వేయాలి? రామాయణం నుంచి ఓ ఘట్టం వేయొచ్చు. కానీ తోలుబొమ్మలాటలో మజా అంతా మధ్యలో దూరే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాళ్లది. దేవుళ్ల కథ ఆపేసి ఊరి సంగతులు మాట్లాడేస్తారు, పెద్దల్ని వెక్కిరిస్తారు. పిల్లలకి ఆ ముగ్గుర్నీ అప్పగించి 'మన బడి గురించి మాట్లాడించండి' అంటే చాలు. తరగతిలో నోరు విప్పని అమ్మాయి తెర వెనక బంగారక్క గొంతుతో మధ్యాహ్న భోజనం సాంబారు గురించి ఏమంటుందో వినాలి. మొహం కనిపించకపోతే వచ్చే ధైర్యమే వేరు. హెడ్మాస్టారు కాస్త పెద్దమనసు చేసుకోవాల్సి ఉంటుందంతే!

చింతగింజ మహిమ

సిద్దిపేట జిల్లా చేర్యాల బొమ్మల గురించి తెలిసినవాళ్లకి చింతగింజ విలువ తెలుసు. అక్కడి నకాషీ చిత్రకారులు చింతగింజల్ని నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురుని గుడ్డకి పట్టించే పూతలో వాడతారు. ఆ జిగురులోనే రంపపు పొట్టు కలిపి ముసుగులు చేస్తారు. కొండపల్లి బొమ్మల్లో తెల్లపొణికి కర్ర ముక్కల్ని అతికించే 'మక్కు' కూడా చింతగింజల పిండీ పొట్టూ కలిపిందే. అంటే తెలుగు బొమ్మలకి ఫెవికాల్ చింతచెట్టు మీదే కాస్తోంది!

ముసుగు చేయడం హైస్కూలు పిల్లలకి బాగా నప్పుతుంది. గింజల్ని రెండు మూడు రోజులు నానబెట్టి పొట్టు తీయడమే కాస్త విసుగు. రుబ్బి, నీళ్లతో ఉడికిస్తే చిక్కటి జిగురు. కోతమిల్లులో అడిగితే పొట్టు ఊరికే ఇస్తారు. దాన్ని జల్లించి జిగురుతో చపాతీ పిండిలా కలిపి, బోర్లించిన గిన్నె మీద పాత పేపరు వేసి మెత్తాలి. ముక్కు, కనుబొమలు, పెదాలు అదనంగా అతికించాలి. ఎండలో పెట్టారో, పగుళ్లే! నీడలో మెల్లగా ఆరాలి. అయినా ఒకటో రెండో పగుళ్లు వస్తాయి, అదే పిండితో పూడ్చుకోవాలి. వానాకాలంలో మాత్రం దీని జోలికి వెళ్లొద్దు, ఆరేలోపే బూజు పట్టేస్తుంది. పైన తెల్లరంగు పూత, దాని మీద రంగులు. పోలిక అన్న మాటే లేదిక్కడ. వంకర ముక్కు వస్తే ఆ ముసుగు ఇంకా బాగుంటుంది.

తాతయ్య ఊరు ఆరు గడుల్లో

చేర్యాల అనగానే ఎర్రటి నేపథ్యంతో పొడవాటి గుడ్డ చుట్ట గుర్తుకొస్తుంది. ఒక్కో కులానికి దాని పురాణం చెప్పే కథకులుండేవారు. వాళ్ల కోసం నకాషీలు కథంతా గుడ్డ మీద వరసలు వరసలుగా వేసిచ్చేవారు. ఊళ్లో గుడ్డ విప్పుకుంటూ, బొమ్మ చూపిస్తూ, రాత్రిళ్లు కథ నడిపేవారు. ఆ బొమ్మల్లో దూరంగా ఉన్నవి చిన్నగా, దగ్గరవి పెద్దగా ఉండాలన్న నియమం కనిపించదు. ముఖ్యమైనవాళ్లు పెద్దగా ఉంటారు. చెట్టంటే చెట్టని తెలిస్తే చాలు. ఏనుగు చెవి దగ్గర ఆగిపోయిన పిల్లలకి ఇంతకంటే అభయం ఏముంటుంది?

ఈ పద్ధతిలో పిల్లలకి ఇవ్వదగ్గ ప్రాజెక్టు ఒక్కటే వాక్యం... 'మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసిన ఒక సంఘటనని ఆరు గడుల్లో వేయండి.' అన్నింటిలోకీ ఇదే కష్టం. ఎందుకంటే ముందు అడగాలి. శ్రీశైలం జలాశయం కింద ఊరు మునిగిపోయిన తాతయ్య ఉండొచ్చు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకి చెట్టు కొమ్మ పట్టుకుని బతికిన అమ్మమ్మ ఉండొచ్చు. అప్పుచేసి గల్ఫ్‌కి వెళ్లి, చేతులూపుకుంటూ తిరిగొచ్చిన మామయ్య ఉండొచ్చు. ఇలాంటివేవీ లేవనుకునే ఇంట్లోనూ మొదటిసారి కరెంటు బల్బు వెలిగిన రాత్రి ఉంటుంది.

'ఊరు మునిగింది' అని రాయడానికి ఒక్క వాక్యం చాలు. వేయాలంటే చాలదు. ఇంటి తలుపు ఏ రంగు? బావి ఎటువైపు? బండిలో ముందు ఏం ఎక్కించారు? తులసికోట తెచ్చుకున్నారా, వదిలేశారా? ఒక్కో గడికీ మళ్లీ వెళ్లి అడగాల్సి వస్తుంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్నలవి. తాతయ్య మొదట 'ఇప్పుడవన్నీ ఎందుకురా' అంటారు. తర్వాత కాగితం లాక్కుని, వణికే చేత్తో ఊరి వీధుల పటం ఆయనే గీసిస్తారు. ఆ గీతలో పోలిక ఉందా లేదా అని మనవడు అడగడు.

గుడ్డకి చింతగింజల జిగురూ సుద్దా పూసి చేయొచ్చు. వీలుకాకపోతే నాలుగు డ్రాయింగ్ షీట్లు నిలువుగా అతికించినా చుట్ట చుట్టుకోవచ్చు. పూర్తయ్యాక గోడకి వేలాడదీస్తే సగం పనే. తరగతి ముందు నిలబడి గడి తర్వాత గడి విప్పుతూ కథ చెప్పాలి. అప్పుడే అది చేర్యాల పద్ధతి.

బయట గోడ ఉంటే ముప్పై మందికీ ఒకే పని కల్పించొచ్చు. చిన్న కాగితం మీద బొమ్మ వేసి అంగుళం గడులు గీయాలి, గోడ మీద అడుగు గడులు కొట్టాలి. ఒక్కో జట్టుకి కొన్ని గడులు. చుక్కలు పెట్టి వాకిలంత ముగ్గు వేసే అమ్మలకి ఈ లెక్క ఎప్పుడో తెలుసు కాబట్టి, ఈ ఒక్కదానికీ వాళ్లని సలహాకి పిలవొచ్చు. సలహాకే!

రాజమండ్రిలో ఒక ప్రిన్సిపాల్

ఇదంతా కొత్త మోజు అనుకుంటే పొరపాటు. చదువుతోపాటు చేతిపనీ రావాలన్న ఆలోచనతో 1910లోనే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైంది. కోపల్లె హనుమంతరావు, ఆయన మిత్రులూ పెట్టిన ఆ బడిలో పాఠాల పక్కనే పనిముట్లూ ఉండేవి. గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీంకీ చేతిపనే ఇరుసు.

దాదాపు బందరు కళాశాల మొదలైన కాలంలోనే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిషాయన ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయనకి బొమ్మలంటే ప్రాణం. దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టి ప్రోత్సహించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. ఆ కుర్రాడు తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళ నేర్పే బడి పెట్టాడు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో కన్నుమూసినా, ఆధునికాంధ్ర చిత్రకళ అనగానే ముందు గుర్తొచ్చేది ఆయన పేరే. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. ఆ ప్రిన్సిపాల్ చేసిందల్లా పిల్లాడు గీసినదాన్ని ఆగి చూడటం. 'ఇది ఏనుగా, పందా' అనలేదు.

ఇప్పటి టీచర్లకి చేతికింద ఒక వెసులుబాటూ ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పదిరోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ఆ పదిరోజుల్నీ జిల్లాలోనే ఉన్న కళాకారుడితో గడిపిస్తే, పిల్లలకి పని వస్తుంది, ఆయన చేతిలో నాలుగు రూపాయలూ పడతాయి. ఊరికే 'కాసేపు వచ్చి చూపించండి' అనడం మాత్రం మర్యాద కాదు. ఒకరోజు పని మానుకుని వస్తారాయన.

మరి మార్కులు? చక్కగా వచ్చినదానికే ఎక్కువ వేస్తే మళ్లీ కత్తెర అమ్మ చేతికే వెళుతుంది. చెడిపోయిన గుడ్డ కూడా తెమ్మనాలి. మేకులు ఏరోజు నానబెట్టారు, ఎప్పుడు రంగు మారింది, ఎక్కడ పాడైంది అని నాలుగు పేజీల నోటుబుక్కు రాయమనాలి. పాడైన ముక్క లేనివాడి ప్రాజెక్టుని కాస్త అనుమానంగా చూడటంలో తప్పులేదు!

అమ్మానాన్నలకి ఇక పనేం లేదా అంటే, ఉంది. పాత పంచె ఇవ్వాలి. కరక్కాయలు ఎక్కడ దొరుకుతాయో చెప్పాలి. బ్లేడు పట్టుకున్నప్పుడు పక్కన కూర్చోవాలి. పరీక్షల్లేని రోజుల్లో రోజుకో గంట విడిచిపెట్టాలి. చెయ్యి మాత్రం పెట్టకూడదు. 'దీనివల్ల ఏమొస్తుంది' అని తప్పనిసరిగా అడిగే నాన్నలకి ఓ మాట... ఎన్‌ఐడీ, నిఫ్ట్ లాంటి డిజైన్ సంస్థల ప్రవేశాల్లో రాతపరీక్ష ఒక్కటే ఉండదు. సామగ్రి ముందుపెట్టి అప్పటికప్పుడు చేతులతో చేసి చూపించమనే అంచె కూడా ఉంటుంది. హైదరాబాద్‌లో 2008 నుంచి జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగం ఉంది. టెక్నికల్ పరీక్షల్లో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడులున్నాయి. అయితే మేకులు నానబెట్టిన ప్రతివాడూ డిజైనర్ అయిపోవాలని మొదటిరోజే లెక్కలేసుకుంటే, పాపం, ఆ మేకులకీ ర్యాంకుల గొడవ తగులుకుంటుంది.

మళ్లీ ఓ ఆదివారం రాత్రి. స్టేషనరీ షాపు షట్టరు ఎప్పుడో పడింది. మెట్ల కింద మూడు వారాలుగా ఇల్లంతా వాసన కొట్టిన డబ్బా గుడ్డ విప్పారు. నేల మీద పరిచిన పంచె ముక్క చుట్టూ అందరూ వంగి చూస్తున్నారు. వెదురు కలం నుంచి ఓ చుక్క జారి, రాకూడనిచోట పడింది. పడటమే తరువాయి, నల్లబడుతోంది. 'అయ్యో, తడిగుడ్డ పెట్టి తుడవనా?' అంటూ అమ్మ చెయ్యి ముందుకొచ్చింది.

'అమ్మా... ముట్టుకోకు! దాన్ని కాకిని చేసేస్తా.'